హాలు కింద భూమి ఎవరిది? ఒక తెలుగు సంఘంతో చేసిన పని (కేస్ స్టడీ)

కెనడాలో స్కూల్ ఫంక్షన్‌కి వెళ్లినా, సిటీ మీటింగ్‌కి వెళ్లినా మొదట ఒక ప్రకటన చదువుతారు. ఈ నేల ఫలానా ఆదివాసీ జాతులది, ఆ సంగతి మాకు తెలుసు, వాళ్లను గౌరవిస్తున్నాం అని. లాండ్ అక్నాలెడ్జ్‌మెంట్ అంటారు దీన్ని. ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రను విచారించిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో తన నివేదికనూ 94 సిఫార్సులనూ ఇచ్చాక ఇది ఎక్కడ చూసినా మామూలైపోయింది. మన తెలుగు సంఘాలు కూడా ఉగాదికీ బతుకమ్మకీ చదువుతున్నాయి. చదివి, ఆ వెంటనే గణేశ స్తుతిలోకి వెళ్లిపోతున్నాయి.

కొత్తగా వలస వచ్చినవాళ్లు ఇక్కడ కుదురుకోవడానికి సాయపడే సంస్థల్లో నేను చాలాకాలంగా పనిచేస్తున్నాను. సంఘాలకు వర్క్‌షాపులు పెట్టడం అందులో ఒక భాగం. ఈ కేసు టొరంటోకి పడమర, పీల్ ప్రాంతంలోని ఒక తెలుగు సంఘానిది. పేర్లు లేవు, మనుషులను గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. చాలా సంఘాలు ఇదే చోట చిక్కుకుంటున్నాయి కాబట్టి రాస్తున్నాను.

సంఘం, గొడవ

వందల కుటుంబాలున్న సంఘం. సాఫ్ట్‌వేర్ వాళ్లు, ట్రక్కులు నడిపేవాళ్లు, రాత్రి షిఫ్టులు చేసే స్టూడెంట్లు, పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అమ్మానాన్నలు. ఒక గ్రాంట్ అప్లికేషన్‌లో 'రీకన్సిలియేషన్ కోసం, అంటే ఆదివాసులతో సయోధ్య కోసం, మీరేం చేస్తున్నారు' అనే ప్రశ్న ఉంది. అప్పటి నుంచి వీళ్లు అక్నాలెడ్జ్‌మెంట్ చదవడం మొదలుపెట్టారు. టొరంటోలోని ఒక సంస్థ వెబ్‌సైట్ నుంచి ఎవరో కాపీ చేసి ఇచ్చారు.

ఒక ఉగాదికి యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి ఆ పేరాలో అనిషినాబే, హోడెనొషోనీ, వెండాట్ అన్న ఆదివాసీ జాతుల పేర్ల దగ్గర తడబడి నవ్వేసింది. హాలంతా నవ్వింది. ఆ వీడియో సంఘం పేజీలోకి ఎక్కింది. హైస్కూల్లో చదివే ఒక కుర్రాడు అది చూసి కమిటీకి ఉత్తరం రాశాడు. అతని క్లాసులో ఒక ఆదివాసీ స్నేహితుడున్నాడట, ఇద్దరూ కలిసే ఆ వీడియో చూశారట. 'నవ్వడానికైతే చదవకండి' అన్నది ఉత్తరం సారాంశం. కమిటీ రెండుగా చీలింది. కొందరు అసలు తీసేద్దామన్నారు, కొందరు సరిగ్గా చదివిద్దామన్నారు. అప్పుడు ప్రెసిడెంట్ గారు నాకు ఫోన్ చేసి, ఉచ్చారణతో సహా చిన్నగా, బాగుండేలా ఒక పేరా రాసివ్వమని అడిగారు.

నేను వెంటనే రాసివ్వలేదు. ఆ పేరాలో దేన్ని ఒప్పుకుంటున్నారో కమిటీలో ఎవరైనా చెప్పగలరా అని అడిగితే, ఒక్కరి దగ్గర కూడా జవాబు లేదు. అలాంటి స్థితిలో మంచి పేరా ఇస్తే తడబాటు పోతుందేమో, అసలు సమస్య మాత్రం కనిపించకుండా లోపలికి పోతుంది.

ముందు విడివిడిగా మాట్లాడటం

మీటింగ్ పెట్టకుండా ఒక్కొక్కరితో ఫోన్లో, కాఫీ దగ్గర మాట్లాడాను. మన సంఘాల మీటింగుల్లో ఇద్దరో ముగ్గురో మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు, అసలు అభిప్రాయాలు పార్కింగ్ లాట్లో బయటికొస్తాయి. నాకు ఆ పార్కింగ్ లాట్ మాటలే కావాలి.

చాలామంది అన్న మాట, 'మనం కూడా బ్రిటిష్ వాళ్ల కింద నలిగినవాళ్లమే కదండీ, వాళ్ల భూమి మనమేమన్నా లాక్కున్నామా' అని. తర్వాత వినిపించింది భయం. బ్రిటిష్ కొలంబియాలో రిచ్‌మండ్ దగ్గర కొంత భూమి మీద కవిచన్ ఆదివాసుల హక్కును 2025 ఆగస్టులో అక్కడి సుప్రీం కోర్టు గుర్తించింది. ఆ తీర్పు వాట్సాప్ గ్రూపుల్లో 'మన ఇళ్లు పోతాయట' అనే రూపంలో తిరిగింది. పాతికేళ్ల మార్ట్‌గేజ్ నెత్తిన పెట్టుకున్న మనిషికి ఆ మెసేజ్ చూస్తే టెన్షన్ రాదా? మరికొందరిది ఒట్టి అలసట. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) రాక, ఉద్యోగం నిలవక సతమతమయ్యేవాళ్లకి ఇంకొకరి చరిత్ర వినే ఓపిక లేదు.

ఎవరిలోనూ ద్వేషం కనిపించలేదు, అది నాకు ముఖ్యమైన సమాచారం. ద్వేషం ఉంటే దారి వేరుగా ఉండేది. ఇక్కడ ఉన్నది, ఈ విషయానికీ తమకూ ఏ సంబంధమూ లేదన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని తాకని పని ఏదైనా వృథా అవుతుందని అనుకున్నాను.

ఫలించనివి

నేను రాకముందే వాళ్లు ఆ పేరాని తెలుగులో రాయించారు. బరువైన గ్రాంథికం. జనం అది కూడా ప్రార్థనలో భాగమనుకుని చేతులు జోడించారు. మర్యాదగా విన్నారు, ఏమీ అర్థం చేసుకోలేదు.

తర్వాత ఒక ఎల్డర్‌ని, అంటే మిస్సిసాగా జాతికి చెందిన ఒక పెద్దావిడను, ఉగాదికి వచ్చి దీవించమని అడిగారు. అడిగింది ఈవెంట్‌కి కొద్ది రోజుల ముందు, ఈమెయిల్లో. పారితోషికం ఊసు లేదు, సంప్రదాయ దుస్తుల్లో వస్తే బాగుంటుందని మాత్రం రాశారు. రెండు డాన్సుల మధ్య కొద్ది నిమిషాలు ఇస్తామన్నారు. ఆవిడ మర్యాదగా కుదరదన్నారు. కమిటీలో కొందరు నొచ్చుకున్నారు, పిలిచినా రాలేదని. మన ఇంటి పెద్దలను శుభకార్యానికి ఇలా పిలుస్తామా అని అడిగితే వాళ్లకే అర్థమైంది. బొట్టుపెట్టి పిలవాల్సిన చోట ఈమెయిల్ పెట్టారు.

నేను వచ్చాక చేసినది సెప్టెంబర్ 30 కార్యక్రమం. రెసిడెన్షియల్ స్కూళ్ల బాధితులను తలుచుకునే రోజు అది, 2021 నుంచి ఫెడరల్ సెలవు. కమిటీయే పెట్టాలనుకుంది, నేనూ సరేనన్నాను. లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకెళ్లి చర్చిలు నడిపే స్కూళ్లలో పెట్టారని, సొంత భాష మాట్లాడితే కొట్టేవారని, చివరివి 1990ల దాకా నడిచాయని వక్త బాగా చెప్పారు. జనం ఏడ్చారు. నిజంగా ఏడ్చారు. కానీ ఆ తర్వాత సంక్రాంతికి ఏ మార్పూ లేదు, అదే పేరా, అదే హడావుడి.

ఇది ఎందుకు నిలవలేదో చాలా ఆలోచించాను. ఆ కథలో తప్పు చేసింది ప్రభుత్వం, చర్చి. బాధపడింది పిల్లలు. వింటున్న మనకు దొరికిన స్థానం ప్రేక్షకుడిది. ప్రేక్షకుడు ఏడ్చి ఇంటికి వెళ్తాడు. పైగా అక్నాలెడ్జ్‌మెంట్ చదివేది భూమి గురించి, ఆ రోజు మేము భూమి మాటే ఎత్తలేదు. 'మాకేం సంబంధం' అన్న ప్రశ్న ఎక్కడున్నది అక్కడే ఉంది.

లింక్ డాక్యుమెంట్లు

భూమి కాగితాల విషయంలో తెలుగువాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. గుంటూరులో ప్లాటు కొన్నా, కూకట్‌పల్లిలో ఫ్లాటు కొన్నా మొదట అడిగేది ఈసీ, ఆ తర్వాత లింక్ డాక్యుమెంట్లు. అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వాళ్లకి ఎవరు ఇచ్చారు, మధ్యలో తగాదా ఉందా. దీన్నే పట్టుకున్నాను. కమిటీ వాళ్లని ఒక ఆదివారం కూర్చోబెట్టి, 'మీరు ప్రతి ఏడాదీ అద్దెకు తీసుకునే హాలు ఉంది కదా, దాని లింక్ డాక్యుమెంట్లు ఎంత వెనక్కి వెళ్తాయో తీయండి' అన్నాను.

ఉత్సాహంగా దిగారు. ఒంటారియోలో పాత భూమి రిజిస్టర్లు ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. హాలు, దానికి ముందు డెవలపర్, దానికి ముందు చేతులు మారిన పొలం, అన్నిటికన్నా ముందు క్రౌన్ పేటెంట్, అంటే రాజు పేరు మీద ప్రభుత్వం మొదటి సెటిలర్‌కి, అంటే బయటి నుంచి వచ్చి స్థిరపడిన తెల్లవాడికి, ఇచ్చిన పట్టా. అక్కడ రిజిస్టర్ అయిపోతుంది. 'మరి రాజుకి ఎవరిచ్చారు?' అని అడిగింది నేను కాదు, బ్యాంకులో పనిచేసే ఒక సభ్యురాలు.

జవాబు అజటాన్స్ ఒప్పందం, నంబర్ 19. 1818 అక్టోబర్ 28న మిస్సిసాగా పెద్ద అజటాన్స్‌కీ, క్రౌన్ తరఫున విలియం క్లాస్‌కీ మధ్య జరిగింది. 6,48,000 ఎకరాలు. బదులుగా ఏడాదికి 522 పౌండ్ల 10 షిల్లింగుల విలువైన సరుకులు. లెక్కలు చూసే సభ్యుడు అక్కడే ఫోన్ తీసి భాగించాడు. ఎకరానికి ఏడాదికి పెన్నీలో ఐదో వంతు కూడా రాదు. అప్పటికే రోగాలతో, సెటిలర్ల రాకతో, చేపలూ వేటా తగ్గిపోయి ఆ జాతి జనం బాగా తగ్గిపోయారు. ఒప్పందం కుదిరింది ఆ పరిస్థితిలో. మరో రెండేళ్లకి, 1820లో, ఇంకో రెండు ఒప్పందాలతో క్రెడిట్ నది దగ్గర వాళ్లకి మిగిలింది 200 ఎకరాలు. 1847లో అక్కడి నుంచి కూడా కదిలి, సిక్స్ నేషన్స్ (హోడెనొషోనీ జాతుల సమాఖ్య) వాళ్లు ఇచ్చిన చోటికి, హేగర్స్‌విల్ దగ్గరికి వెళ్లారు. పక్కనే ఉన్న మిస్సిసాగా నగరానికి వాళ్ల పేరే ఉంది, వాళ్లు మాత్రం ఇక్కడ లేరు.

దీంతోపాటు ఇంకో విషయం బయటపడింది. వీళ్లు ఇన్నేళ్లుగా చదువుతున్నది టొరంటో పేరా. టొరంటో నేల వేరే ఒప్పందం కిందిది, నంబర్ 13. అంటే సర్వే నంబరే తప్పు.

ఆ నంబర్ 13 చరిత్ర కూడా చెప్పాను. 1787లో టొరంటో కొనుగోలు జరిగిందన్నారు. తర్వాత చూస్తే డీడ్‌లో భూమి వివరాలే లేవు, కాగితం ఖాళీ, పెద్దల గుర్తులున్న ముక్కలు వేరుగా అతికించి ఉన్నాయి. దాన్ని సరిచేయడానికి 1805లో మళ్లీ రాయించుకుని రెండున్నర లక్షల ఎకరాల పైచిలుకుకి 10 షిల్లింగులు ఇచ్చారు. గది నిశ్శబ్దమైపోయింది. తెల్ల కాగితం మీద వేలిముద్ర అంటే ఏమిటో ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ తర్వాత మాట్లాడిన పెద్దాయన వల్లే ఈ కేసు మలుపు తిరిగిందని నా అభిప్రాయం. భద్రాచలం వైపు, ఏజెన్సీ అంచున ఉన్న ఊరు ఆయనది. అప్పటిదాకా ఏ మీటింగులోనూ నోరు విప్పలేదు. 'మా ఊళ్లో వన్ ఆఫ్ సెవెంటీ ఉంది. గిరిజనేతరులు భూమి కొనకూడదు. అయినా మా బజారులో సగం ఇళ్లు మనవాళ్లవే. కాగితం మీద కోయవాళ్ల పేరు, అనుభవించేది మనం. మా నాన్న కూడా అలాగే కట్టాడు' అన్నారు. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు, ఆపలేదు. 1970 నాటి ఆ రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరేలా రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. ఆయనకి ఆ చట్టం సెక్షన్లతో సహా తెలుసు. 'బ్రిటిష్ వాళ్ల కింద నలిగాం కాబట్టి మనకి సంబంధం లేదు' అన్న మాట ఆ సాయంత్రం తర్వాత ఆ కమిటీలో నాకు మళ్లీ వినిపించలేదు. నలిగినవాళ్లు ఇంకోచోట లాభపడినవాళ్లు కూడా కావచ్చని వాళ్లలో ఒకరే చెప్పారు కాబట్టి దానికి ఆ బలం. నేను చెప్పి ఉంటే నీతిబోధ అయ్యేది.

'అయితే ఇళ్లు ఇచ్చేయాలా?'

ఈ ప్రశ్న రానే వచ్చింది. సూటిగా జవాబు ఇవ్వాలి, లేకపోతే భయం మళ్లీ వాట్సాప్‌లోకి వెళ్తుంది. టొరంటో కొనుగోలు మీద మిస్సిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ వాళ్లు (క్రెడిట్ నది దగ్గర నుంచి కదిలిన ఆ మిస్సిసాగా జాతే) వేసిన క్లెయిమ్ 2010లో పరిష్కారమైంది. ఫెడరల్ ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించింది. టొరంటోలో ఏ ఇంటి ఓనరూ తాళం అప్పగించలేదు. తగాదా క్రౌన్‌తో, చెల్లించింది క్రౌన్. ఇది విన్నాక గదిలో అందరి భుజాలూ కాస్త దిగాయి. భయపడుతున్నవాడితో న్యాయం గురించి మాట్లాడలేం, అందుకే దీనికి ఎంత టైమ్ పట్టినా పర్వాలేదనుకున్నాను.

'క్రౌన్ సంగతి అయితే మనమెందుకు' అన్నారు వెంటనే. దీనికి నా దగ్గర ఉన్న జవాబు పౌరసత్వ ప్రమాణం. మొదట్లో చెప్పిన కమిషన్ 94వ సిఫార్సు ప్రకారం 2021 జూన్‌లో ప్రమాణం మారింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ ప్రజల ఆదివాసీ హక్కులనూ ఒప్పంద హక్కులనూ గుర్తించే రాజ్యాంగంతో సహా కెనడా చట్టాలను పాటిస్తామని ఇప్పుడు పౌరులయ్యే ప్రతి ఒక్కరూ చెయ్యెత్తి చెప్తున్నారు. ఆ గదిలో చాలామంది ఆ ప్రమాణం చేసినవాళ్లే. ఫోటోలు కూడా పెట్టుకున్నారు. ఏం చెప్పారో గుర్తు లేదు, అంతే. ఒప్పందంలో ఒక పక్షం క్రౌన్ అయితే, ఆ క్రౌన్ పేరు మీద పన్ను కట్టి, ఓటేసి, ఆ భూమి మీద ఇల్లు కొన్నవాళ్లం మనం.

నిలబడ్డవి

ముందు ఆ పేరా చదవడం ఆపేయించాను. కమిటీకి ఇది నచ్చలేదు, గ్రాంట్ పోతుందని. బయటివాళ్లకి తిరస్కరించినట్టు కనిపిస్తుందన్న అనుమానం నాకూ ఉంది. అయినా ఆపమన్నాను, ఎందుకంటే తప్పు ఒప్పందాన్ని పైకి చదవడం కంటే మౌనం నయం. ఉత్తరం రాసిన కుర్రాడికి కారణం స్వయంగా చెప్పి, కమిటీతో కలిసి పనిచేయమని అడిగాం. వచ్చాడు.

సంఘం వారాంతాల్లో పౌరసత్వ పరీక్షకు క్లాసులు నడుపుతుంది. అందులో ఒక క్లాసు ఒప్పందాలకి కేటాయించాం. అన్నిటికన్నా బాగా పట్టుకున్నది ఆంటీలు. రెసిడెన్షియల్ స్కూళ్ల మాట వచ్చినప్పుడు ఒకావిడ, 'మన ఆశ్రమ పాఠశాలల్లాంటివేనా అమ్మా?' అని అడిగారు. మంచి ప్రశ్న. తేడా ఎక్కడుందో అందరం కలిసి చూశాం. ఇక్కడ ఇండియన్ యాక్ట్ అనే ఆదివాసుల చట్టానికి 1920లో చేసిన సవరణ తర్వాత ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లలను ప్రభుత్వం చెప్పిన స్కూలుకి పంపడం తప్పనిసరి, పంపనంటే తల్లిదండ్రులకు శిక్ష. పిల్లల్లో ఆదివాసీతనాన్ని తుడిచేయడమే ఉద్దేశం. తర్వాత కొన్ని కుటుంబాలు బ్రాంట్‌ఫర్డ్‌లో 1970 దాకా నడిచిన మోహాక్ ఇన్‌స్టిట్యూట్ చూడటానికి వెళ్లాయి. క్రెడిట్ నది మిస్సిసాగా పిల్లలను కూడా అక్కడికి పంపారు. ఒప్పందం గురించి ముందే తెలిసినందువల్ల, సెప్టెంబర్ 30న ఏడ్చిన అదే కథ ఈసారి వేరేగా అందింది. భూమి పోయినవాళ్ల పిల్లలనే తీసుకెళ్లారన్న వరుస వాళ్లకి కనిపించింది.

పెద్దావిడ దగ్గరికి కమిటీ నుంచి ఇద్దరు స్వయంగా వెళ్లారు. అనిషినాబే సంప్రదాయంలో పెద్దలను ఏదైనా అడగడానికి వెళ్లేటప్పుడు పొగాకు ఇస్తారు, అది తీసుకెళ్లారు. ఈవెంట్‌కి రమ్మనలేదు. జరిగినదానికి క్షమాపణ చెప్పి, సంఘం ఏం చేస్తే బాగుంటుందో చెప్పమన్నారు. మా పండక్కి మీరు రండి, టికెట్ కొని కూర్చోండి, తినండి, మా వాళ్ల దగ్గర వస్తువులు కొనండి, పని తర్వాత చూద్దాం అన్నారట ఆవిడ. ఆగస్టులో వాళ్ల పౌ వౌ పండక్కి కుటుంబాలు వెళ్లాయి.

డబ్బు విషయంలో పెద్ద చర్చ జరిగింది. ప్రతి ఈవెంట్ హాలు అద్దెలో ఒక చిన్న శాతం లెక్కగట్టి, ఆవిడ సూచించిన పిల్లల భాషా తరగతులకి పంపాలని నిర్ణయం. ట్రెజరర్ గారు దాన్ని విరాళాల పద్దులో రాశారు. హాలు అద్దె పద్దులో రాయమని నేను పట్టుబట్టాను. విరాళమైతే డబ్బు తక్కువైన ఏడాది మొదట కోసేది అదే. అద్దెను ఎవరూ కోయరు. ఒకరిద్దరు ఇది మరీ ఎక్కువన్నారు, ఒకాయన కమిటీ నుంచి తప్పుకున్నారు. ఆయన్ని ఒప్పించలేకపోయాం.

పేరా చివర్లో వచ్చింది. రాసిపెట్టిన పాఠం లేదు. పౌరసత్వ క్లాసుకి వచ్చిన ఏదో ఒక కుటుంబం ప్రతిసారీ సొంత మాటల్లో, తెలుగులో చెప్తుంది. మూడు సంగతులు మాత్రం ఉండాలి: ఏ ఒప్పందం, ఎంతకి, ఈ ఏడాది సంఘం ఏం చేసింది. ఏమీ చేయకపోతే చదవకూడదని నియమం. ఒక దసరాకి డబ్బు వెళ్లలేదని తేలి, కార్యదర్శి మైకులో అదే చెప్పి ఆపేశారు. చెక్కు ఆ వారమే వెళ్లింది.

వేరే ఊళ్ల సంఘాలకి

ఇదంతా చదివి లింక్ డాక్యుమెంట్ల పద్ధతిని యథాతథంగా తీసుకుపోవద్దు. ముందు మీ ఊరు ఏ ఒప్పందం కింద ఉందో చూడండి. కాల్గరీ అయితే 1877 నాటి ట్రీటీ 7, ఎడ్మంటన్ అయితే 1876 నాటి ట్రీటీ 6, విన్నిపెగ్ అయితే 1871 నాటి ట్రీటీ 1. అక్కడ రాసిన కాగితానికీ, ఆదివాసీ పెద్దలు తాము ఒప్పుకున్నామని తరతరాలుగా చెప్తున్నదానికీ తేడా ఉంటుంది, రెండూ చదవాలి. వాంకూవర్‌లో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ మస్క్వియం, స్క్వామిష్, స్లేవాటూత్ జాతులు ఆ నగరం ఉన్న నేలను ఏ ఒప్పందంతోనూ ఇవ్వలేదు. వెనక్కి వెళ్తూ వెళ్తూ క్రౌన్ ఇచ్చిన పట్టా దగ్గర ఆగిపోతారు, దాని వెనక కాగితమే ఉండదు. అక్కడ కవిచన్ తీర్పు భయం కూడా ఎక్కువ. అలాంటి చోట పనిచేసేవాళ్లు మొదటి మీటింగ్‌కే ఒక లాయర్‌ని వెంట తీసుకెళ్లడం మంచిదని నా సలహా.